యజమాని మారిన బొగ్గు ఓడ

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా హనుమకొండలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించో, ఆరోగ్య కార్డుల గురించో మాట్లాడవలసిన సభలో ఓడల సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మన వరంగల్లుకు సముద్రం లేదు. కాకతీయులు మనకు చెరువులు ఇచ్చి వెళ్ళారు గాని రేవులు ఇవ్వలేదు. అయినా ఈ కథ మనకు సంబంధించినదే. ఇది బొగ్గు కథ. కాజీపేట పక్కన బతికినవాళ్ళకు బొగ్గు గురించి ఒకరు చెప్పనక్కరలేదు. ఇది యజమానులు మారిన కథ కూడా. ఆ సంగతి మనకు ఇంకా బాగా తెలుసు.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. జర్మనీ వారి ఎండెన్ అనే యుద్ధనౌక అప్పుడు చైనా తీరంలోని సింగ్‌టావ్‌లో ఉండేది. దాని కెప్టెన్ పేరు కార్ల్ ఫాన్ ముల్లర్. మిగిలిన జర్మన్ నౌకలు పసిఫిక్ మహాసముద్రం దాటి వెళ్ళిపోతుంటే, ఈ ఒక్క నౌకను హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ వ్యాపారాన్ని దెబ్బతీయమని పంపారు. ఈ మహాసముద్రపు తూర్పు వైపున జర్మనీకి ఒక్క రేవు కూడా లేదు. మద్రాసు, కలకత్తా, రంగూన్, కొలంబో, సింగపూర్ అన్నీ బ్రిటిష్ వారివే.

ఎండెన్‌కు ఫిరంగులు పది ఉన్నాయి. సిబ్బంది మూడు వందల యాభైకి పైగా ఉన్నారు. కాని దాని కడుపులో పట్టే బొగ్గు ఎంత నింపినా పరిమితమే. పూర్తి వేగంతో పరుగెత్తితే ఆ బొగ్గు కొద్ది రోజుల్లో ఖాళీ. టెండర్లో బొగ్గు, ట్యాంకులో నీళ్ళు అయిపోతే ఎంత గొప్ప ఇంజనైనా లూప్ లైనులో నిలబడవలసిందే కదా. సముద్రం మీద లూప్ లైను కూడా లేదు. అందుకని ఎండెన్ వెంట మార్కోమానియా అనే బొగ్గు ఓడను పంపారు. ఎండెన్ పేరు లోకమంతా మోగింది. మార్కోమానియా పేరు ఎవరికీ తెలియదు. ఈ కథలో ముందు గమనించవలసినది అది.

వెంట తెచ్చుకున్న బొగ్గు ఎన్నాళ్ళు వస్తుంది? ముల్లర్ ఎత్తు ఏమిటంటే, శత్రువు బొగ్గుతోనే శత్రువు మీద యుద్ధం చేయడం. 1914 సెప్టెంబరు రెండో వారంలో ఎండెన్ మన బంగాళాఖాతంలో ప్రవేశించింది. బ్రిటిష్ నౌక అనిపించేటట్టు దానికి నకిలీ నాలుగో పొగగొట్టం కట్టారు. మొదట చిక్కిన ఓడ పొంటోపోరోస్. అది గ్రీసు దేశపు ఓడ. గ్రీసు అప్పుడు తటస్థ దేశం. కాని అందులో ఉన్న ఆరున్నర వేల టన్నుల బొగ్గు బ్రిటిష్ వారి కోసం కలకత్తాలో ఎక్కించినది.

ఇక్కడ చట్టం సంగతి రెండు మాటల్లో చెబుతాను. యుద్ధంలో శత్రువు వర్తక ఓడను పట్టుకోవచ్చు. ప్రైజ్ కోర్టు అనే న్యాయస్థానం తీర్పు చెప్పాక అది పట్టుకున్న దేశానిదవుతుంది. రేవుకు తీసుకుపోయే వీలు లేకపోతే, మనుషులను దింపి ఓడను ముంచవచ్చు. తటస్థ దేశపు ఓడను పట్టుకోవాలంటే అందులో యుద్ధానికి పనికివచ్చే సరుకు ఉండాలి. ముల్లర్ ఈ నియమాలు పాటించే మనిషి. గ్రీకు కెప్టెన్‌తో బేరమాడి, ఆ ఓడను బ్రిటిష్ అద్దె నుంచి జర్మన్ అద్దెకు మార్చుకున్నాడు. పొద్దున బ్రిటిష్ బేరం మీద బయలుదేరిన ఓడ సాయంత్రానికి జర్మన్ నౌక వెంట నడిచింది. బొగ్గు అదే, బాయిలర్ అదే, పార పట్టిన చేతులూ అవే.

తరువాత కొద్ది రోజుల్లోనే ఇండస్, లోవాట్, కిల్లిన్, డిప్లొమాట్, ట్రాబోక్, క్లాన్ మాథెసన్ వరసగా చిక్కి మునిగిపోయాయి. ఇండస్ సైన్యాన్ని తీసుకుపోవడానికి బొంబాయికి వెళ్తున్న ఓడ. అందులో దొరికిన సబ్బులు చూసి ఎండెన్ నావికులు పండుగ చేసుకున్నారట. డిప్లొమాట్‌లో తేయాకు ఉంది. క్లాన్ మాథెసన్‌లో కార్లు, రైలింజన్లు ఉన్నాయి. పట్టా మీద నడవవలసిన ఇంజన్లు సముద్రం అడుగుకు పోయాయి. కబింగా అనే ఓడలో మాత్రం కెప్టెన్ భార్యాబిడ్డా ఉన్నారు, సరుకు తటస్థ దేశపువారిది. అందుకని దాన్ని ముంచకుండా, పట్టుబడిన ఓడల మనుషులందరినీ అందులో ఎక్కించి వదిలిపెట్టారు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం ఎదుట ఉన్న ఈ సముద్రంలో ఒకే ఒక్క నౌక భయానికి వర్తకం నిలిచిపోయింది.

సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎండెన్ మద్రాసు ముందుకు వచ్చింది. బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకుల మీద ఫిరంగి గుళ్ళు కురిపించి, అరగంటలో దీపాలార్పుకొని వెళ్ళిపోయింది. ట్యాంకులు అంటుకొని మండాయి. ప్రాణాలు కూడా పోయాయి. మద్రాసు అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా రాజధాని. భయంతో జనం మూటాముల్లే సర్దుకొని ఊళ్ళకు పోయారు. మద్రాసు హైకోర్టు ప్రాంగణపు గోడకు ఆ రాత్రి గుర్తుగా ఒక ఫలకం పెట్టారు. తమిళంలోనూ మలయాళంలోనూ ఎండెన్ పేరు ఒక మాటగానే స్థిరపడింది. భాషలోకి ఎక్కింది ఫిరంగి ఉన్న నౌక. ఆ రాత్రి అది అక్కడికి రాగలగడానికి కారణమైన బొగ్గు ఓడలు మాత్రం ఏ మాటలోకీ ఎక్కలేదు.

పొంటోపోరోస్‌లోని మన దేశపు బొగ్గు ఎండెన్‌కు అంతగా నచ్చలేదు. వేడి తక్కువ, పొగ ఎక్కువ, మసి మరీ ఎక్కువ. దాక్కొని తిరిగే నౌకకు నల్లటి పొగ ప్రమాదం. ఇక్కడున్న పాత ఫైర్‌మన్లు తల ఊపుతున్నారు. గ్రేటు మీద క్లింకరు పేరుకుంటే పడే పాట్లు వారికి తెలుసు.

సెప్టెంబరు 27న మినికాయ్ దరిదాపుల్లో ఎండెన్‌కు కావలసిన బొగ్గు దొరికింది. ఆ ఓడ పేరు బురెస్క్. బ్రిటిష్ నౌకాదళం కోసం ఆరు వేల ఆరు వందల టన్నుల వేల్స్ బొగ్గు వేసుకొని హాంకాంగ్ వెళ్తోంది. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా మేలైన బొగ్గు అదే. ఎండెన్‌ను వేటాడే నౌకలకు చేరవలసిన బొగ్గు ఎండెన్ పొయ్యిలోకే చేరింది.

ముల్లర్ బురెస్క్‌ను ముంచలేదు. క్లోపర్ అనే అధికారిని కొద్దిమంది నావికులతో ఆ ఓడ మీదికి పంపాడు. పాత సిబ్బందిలో ఎక్కువ మందిని మరో ఓడలో ఎక్కించి వదిలేశారు. కొందరు మాత్రం ఉండి పని చేయడానికి ఒప్పుకున్నారు. అప్పటినుంచి బురెస్క్ జర్మన్ నౌకాదళపు సరఫరా ఓడ.

అక్టోబరు 9న ఈ రెండూ డీగో గార్సియా దీవికి చేరాయి. అక్కడి కొబ్బరి తోటల వాళ్ళకు యుద్ధం మొదలైన సంగతే తెలియదు. వచ్చినవాళ్ళు అతిథులనుకొని ఆదరించారు. జర్మన్లు వాళ్ళ మోటారు పడవను బాగుచేసి ఇచ్చారు. ఆ ప్రశాంతమైన చోట ఎండెన్ బురెస్క్ నుంచి బొగ్గు నింపుకొంది. బొగ్గు ఎక్కించడమంటే నావికుల పనే. మండే ఎండలో సంచులు మోసి, బంకర్లు నిండాక పైతట్టు మీద కూడా గుట్టలు పోసేవారు. పతకాల కథల్లో ఈ పని కనిపించదు. కాని ఎండెన్ తిరిగిన ప్రతి మైలూ ఇలా మోసిన సంచుల మీదే తిరిగింది.

అక్టోబరు 12న సుమత్రా దగ్గరి సిమెలువే దీవి వద్ద యార్మౌత్ అనే బ్రిటిష్ నౌకకు మార్కోమానియా, పొంటోపోరోస్ రెండూ దొరికిపోయాయి. మార్కోమానియా మునిగింది. పొంటోపోరోస్ మళ్ళీ బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. గ్రీసు ఓడ, బ్రిటిష్ బేరం, జర్మన్ బేరం, తిరిగి బ్రిటిష్ చెర. ఇదంతా ఐదు వారాల లోపు. అదే నెల మూడో వారంలో ఎక్స్‌ఫర్డ్ అనే మరో బొగ్గు ఓడ ఎండెన్‌కు చిక్కింది. దాని గతీ అంతే. డిసెంబరులో మళ్ళీ బ్రిటిష్ వారు దాన్ని పట్టుకొని సింగపూర్ తీసుకుపోయారు.

ఇక ముగింపు. నవంబరు 9 ఉదయం ఎండెన్ కోకోస్ దీవులకు వెళ్ళింది. అక్కడి తంతి, వైర్‌లెస్ కేంద్రాన్ని పాడుచేయడం దాని పని. యాభై మందిని దీవిలో దింపింది. బొగ్గు నింపుకోవడానికి బురెస్క్‌ను అక్కడికి రమ్మని కబురు చేసింది. కాసేపటికి దూరాన పొగ కనిపించింది. అది బురెస్క్ పొగే అనుకున్నారు. కాదు. కోకోస్ కేంద్రం పంపిన కేక విని దూసుకువస్తున్న ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ అది. దీవిలో దిగినవాళ్ళను వెనక్కు ఎక్కించుకునే వ్యవధి కూడా లేకపోయింది. యుద్ధంలో ఎండెన్ చిల్లులు పడి ఒడ్డెక్కింది. 130 మందికి పైగా చనిపోయారు.

బురెస్క్ ఆ తరువాత వచ్చింది. సిడ్నీ దాన్ని తరిమి పట్టుకుంది. అప్పటికే జర్మన్లు నీళ్ళు లోపలికి వచ్చే కవాటాన్ని బాగుచేయడానికి వీలు లేకుండా పగలగొట్టారు. సిడ్నీ కెప్టెన్ గ్లాసప్ మనుషులందరినీ తన నౌకలోకి తీసుకొని, నాలుగు గుళ్ళు కొట్టి బురెస్క్‌ను ముంచాడు. ఆయన పంపిన అధికార నివేదికలో ఆ ఓడలో ఎవరెవరు ఉన్నారో లెక్క ఉంది. ముగ్గురు జర్మన్ అధికారులు, ఒక వారెంట్ అధికారి, పన్నెండు మంది నావికులు. ఇంకా పద్దెనిమిది మంది చైనా వాళ్ళు, ఒక ఇంగ్లీషు స్టీవార్డు, ఒక నార్వే దేశపు వంటవాడు.

ఈ చివరి ఇరవై మంది గురించే నేను ఈ కథ ఎత్తుకున్నాను. చైనా వాళ్ళకు ఈ యుద్ధంతో సంబంధం లేదు. నార్వే తటస్థ దేశం. యజమాని ఇంగ్లీషువాడైనా జర్మన్‌వాడైనా పొయ్యి మండాలి, అన్నం వండాలి. నివేదికలో వాళ్ళ లెక్క ఉంది గాని పేర్లు లేవు. మునిగిన ఓడకు బీమా ఉంటుంది, బొగ్గుకు ఖరీదు కట్టే షరాబులుంటారు. మరి వీళ్ళ జీతం మాటేమిటి?

అప్పటి బ్రిటిష్ చట్టం వింటే మీరు ఆశ్చర్యపోతారు. 1894 నాటి వర్తక నౌకల చట్టం ప్రకారం ఓడ పోతే నావికుడి కొలువు ఆ రోజుతో తీరిపోయినట్టే. ఆ రోజు వరకే జీతం. ఓడ మునిగాక పడవలో తేలుతున్న రోజులకు లెక్క లేదు. 1914 ఆగస్టులో హాంబర్గ్ రేవులో ఒక బ్రిటిష్ ఓడను జర్మన్లు ఆపేసి, తరువాత అందులోని నావికులను నిర్బంధించారు. జీతంలో భాగం ఇంటికి చేరేటట్టు ఆ నావికుడు ముందే కాగితం రాసి ఇచ్చాడు. ఆ డబ్బు ఆగిపోతే అతని భార్య కోర్టుకు వెళ్ళింది. హోర్లాక్ వర్సెస్ బీల్ అనే ఆ వ్యాజ్యం హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయింది. నిర్బంధంతో ఒప్పందమే రద్దయిపోయింది గనుక జీతం రాదని 1916లో తీర్పు వచ్చింది. మనిషి శత్రువు చెరలో, ఇంట్లో పొయ్యి చల్లారింది, చట్టం మాత్రం శుభ్రంగా ఉంది. 1925లో వచ్చిన చట్టం ఓడ పోయినవాడికి రెండు నెలల వరకు జీతం ఇమ్మంది. ఓడ పోయినా జీతం సాగే ఏర్పాటు రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1941లో గాని రాలేదు.

ఆ రెండో యుద్ధం ముగింపులోనూ ఇలాంటి కథే జరిగింది. జర్మన్ నౌకాదళపు సరఫరా ఓడలు నార్డ్‌మార్క్, డిత్‌మార్షెన్ విజేతల పాలయ్యాయి. మొదటిది బ్రిటిష్ వారి వద్ద బులవాయో అయింది. రెండోది అమెరికా వారి వద్ద కొనెకా అయింది. నూనె, మందుగుండు, తిండి సామాను ఒకే ఓడ నుంచి, నడిసముద్రంలో, ఆగకుండా అందించడమెలాగో ఆ ఓడలను వాడి ఇద్దరూ నేర్చుకున్నారు. మన నౌకాదళానికి 1967లో చేరిన దీపక్ అనే సరఫరా ఓడ జర్మనీలోని బ్రెమెన్‌లోనే తయారైంది. ఇప్పుడు అలాంటివి మన తెలుగు తీరంలోనే కడుతున్నారు. ఒక్కొక్కటి 44,000 టన్నుల ఐదు సరఫరా ఓడలకు విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డ్ 2023 ఆగస్టులో ఒప్పందం చేసుకుంది. 2024 ఏప్రిల్‌లో మొదటి ఉక్కు రేకు కోశారు.

ఆ షిప్‌యార్డ్ చరిత్ర కూడా యజమానుల మార్పే. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ తరఫున మొదలుపెట్టారు. 1948లో నెహ్రూ గారు జల ఉష ఓడను నీటిలోకి దింపారు. 1952లో ప్రభుత్వం ప్రధాన భాగస్వామి అయింది. 1961లో పూర్తిగా ప్రభుత్వపరమైంది. 2010లో రక్షణ శాఖకు మారింది. బోర్డు మీద పేరు మారింది గాని వెల్డింగు చేసే చెయ్యి మారలేదు. ఆ ప్రాంతాన్ని విశాఖ జనం నేటికీ సింధియా అనే అంటారు.

ఇక మన ఊరికి వద్దాం. కాజీపేట మీదుగా పోయే రైలు మొదట కంపెనీది, 1930లో నిజాం ప్రభుత్వానిది, 1951 నవంబరు 5న సెంట్రల్ రైల్వేది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేది. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆజంజాహీ మిల్లు తరువాత నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్ళి, చివరకు మూతపడింది. 2014 జూన్ 2న రాష్ట్రమే రెండైంది. ఆ పునర్విభజన చట్టానికి ఎనిమిదో షెడ్యూలు ఒకటుంది. అంతకుముందు రిటైరైనవాళ్ళ పింఛను భారం రెండు రాష్ట్రాలూ ఎలా పంచుకోవాలో అందులో రాశారు. చాలామంది ఆ షెడ్యూలు చదివి ఉండరు. కాని ప్రతి నెలా ఒకటో తారీఖున మన ఖాతాలో పడే డబ్బు వెనుక అలాంటి కాగితం ఒకటి ఉండి తీరాలి. యజమాని మారే రోజున ఆస్తులు, అప్పులు, భవనాలు పంచుకుంటారు. పనిచేసినవాడి సర్వీసు ఎవరి లెక్కలో పడుతుందో కాగితం మీద రాయించుకోకపోతే, బురెస్క్ పొయ్యి దగ్గర ఉన్న పద్దెనిమిది మందిలా మనమూ ఒక అంకెగా మిగిలిపోతాం.

మనం డిసెంబరు 17న ఈ పండుగ చేసుకునేది కూడా ఒక కాగితం వల్లనే. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను అనేది యజమాని దయ తలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కని చెప్పింది. రిటైరైన తేదీని బట్టి పెన్షనర్లను రెండుగా చీల్చడం తగదని కూడా చెప్పింది. హాంబర్గ్ నావికుడి భార్యకు దక్కనిది, అరవై ఆరేళ్ళ తరువాత మన దేశంలో మనకు దక్కింది. ఇది ఊరికే రాలేదు. ఒక పెన్షనరు కోర్టు మెట్లెక్కితే వచ్చింది.

కాబట్టి రెండు చిన్న పనులు చెప్పి ముగిస్తాను. ఒకటి, మీ సర్వీసు పుస్తకం నకలు, పింఛను ఉత్తర్వు, కుటుంబ పింఛను నామినేషను ఒకే కవరులో పెట్టి, అది ఎక్కడ ఉందో మీ భార్యకో, భర్తకో, పిల్లలకో చెప్పండి. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి. మనం లేనప్పుడు ఆఫీసు చుట్టూ తిరగవలసింది వాళ్ళు. రెండు, మీతో పనిచేసినవాళ్ళ పేర్లు రాసి మన సంఘానికి ఇవ్వండి. అధికారుల పేర్లు ఫలకాల మీద ఉంటాయి. ఖలాసీలు, గ్యాంగ్‌మన్లు, అటెండర్లు, వంటవాళ్ళు, మిల్లులో నూలు అతికినవాళ్ళు, వీళ్ళ పేర్లు మన నోళ్ళలోనే ఉన్నాయి. మనతోపాటే పోతాయి.